తలనొప్పి ఎరగని టోర్కిల్

టోర్కిల్ సమాధి రాయి మీద ఏం చెక్కాలని అడిగినప్పుడు, "ఇతనికి జీవితంలో తలనొప్పి రాలేదు" అని చెక్కమన్నాను. రాయి చెక్కే మనిషి పెన్సిలు ఆపి నా మొహంలోకి చూశాడు. మొగుడు పోయిన కొత్తలో ఆడవాళ్ళు రకరకాలుగా మాట్లాడతారని అతనికి తెలిసే ఉంటుంది. "అక్షరాలు ఎక్కువవుతాయి" అన్నాడు మెల్లిగా. చివరికి పేరూ, పుట్టిన ఏడూ, పోయిన ఏడూ మాత్రం చెక్కాడు. అదీ మంచిదే. నేను చెప్పింది పూర్తిగా నిజం కాదు. ఒక్కసారి వచ్చింది. వచ్చిందో, రాలేదో ఇప్పటికీ తేలలేదు. రాయి మీద పట్టేంత చిన్న విషయం కాదు గనక కాగితం మీద రాస్తున్నాను.

టోర్కిల్‌ది ఫ్యూన్ దీవి. కుర్రతనంలోనే కోపెన్‌హాగన్ పడమటి శివారుకి వచ్చి ఒక అద్దాల దుకాణంలో చేరాడు. జీవితమంతా ఆ ఒక్క దుకాణమే. కిటికీలకి గాజు పలకలు కోసి, లప్పం పెట్టి బిగించడం అతని పని. మనిషి భారీగా ఉండేవాడు, అరచేతులు పారల్లా ఉండేవి. కానీ గాజు పలకని మాత్రం నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తేవాడు. వాళ్ళ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవడైనా తన పొరపాటు వల్ల అద్దం పగలగొడితే శుక్రవారం పొద్దున అందరికీ కేకు తేవాలి. దాన్ని తప్పు కేకు అనేవాళ్ళు. మా ఆఫీసుల్లో, బళ్ళల్లో, ఆస్పత్రుల్లో కూడా ఈ అలవాటు ఉంది గానీ, అక్కడ అది సరదా. అద్దాల దుకాణంలో అది మతం. కేకు తిన్నాక ఇక ఆ పొరపాటు సంగతి ఎవరూ ఎత్తకూడదు.

మేము కలిసింది అలాంటి కేకు వల్లే.

నేను మునిసిపల్ లైబ్రరీలో పనిచేసేదాన్ని. కవిత్వం కూడా రాసేదాన్ని. ఈ రెండో సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. ఆ రోజు నా తల ఎడమవైపు ఎవరో లోపల కూర్చుని తలుపు బాదుతున్నట్టుంది. సరిగ్గా అదే సమయానికి చదువుకునే గదిలో ఒకతను పాత కిటికీ చట్రాన్ని సుత్తితో తట్టడం మొదలెట్టాడు.

"ఆ కొట్టుడు ఆపుతావా?" అని అరిచాను. లైబ్రరీలో అరిచిన మొదటి లైబ్రేరియన్ని నేనే అయ్యుంటాను.

"ఆపితే చలిగాలి లోపలికొస్తుంది" అన్నాడతను, నిచ్చెన మీంచి.

"రానీ! చలికి చస్తేనే నయం."

అతను నావైపు తిరిగాడు. చంకలో ఉన్న కొత్త గాజు పలక జారి నేలమీద భళ్ళుమంది. ఆ శబ్దానికి నేను చెవులు మూసుకుని కుర్చీలో కూలబడ్డాను. అతను దిగివచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పగిలింది నేనే అన్నట్టు నన్ను చూశాడు.

శుక్రవారం వచ్చి నా బల్ల మీద ఒక పొట్లం పెట్టాడు. వాళ్ళ దీవిలో చేసే కేకు. మెత్తటి పిండి మీద వెన్నా, గోధుమరంగు పంచదారా కరిగి మడుగులు కట్టి ఉంటాయి.

"నేను మీ దుకాణం మనిషిని కాదుగా?"

"పగిలినప్పుడు నువ్వూ ఉన్నావు."

"పగలగొట్టింది నువ్వు."

"అరిచింది నువ్వు. అందుకే మధ్య ముక్క నీకు తెచ్చాను. మడుగులన్నీ అక్కడే ఉంటాయి."

మడుగులున్న మధ్య ముక్కని వదులుకునే మగవాడు దొరకడం కష్టమని మా అమ్మ చెప్పింది. ఆ వసంతంలోనే పెళ్ళయింది. పెళ్ళిరోజున కూడా నాకు తలనొప్పే. ఫోటోల్లో నేను దిగులుగా, లోతైన మనిషిలా కనిపిస్తాను. నిజానికి ఫోటోగ్రాఫర్ ఫ్లాష్‌కి వాంతి వస్తుంటే ఆపుకుంటున్నాను.

మా ఇంట్లో వాటిని తల రోజులు అనేవాళ్ళం. తల రోజున నేను పడకగదిలో చేరి తలుపు మూసుకునేదాన్ని. వెలుతురు సూదిలా గుచ్చుతుందని చెప్పాక టోర్కిల్ ఆ గది కిటికీకి లోపల నల్లరంగు వేసిన పలక ఒకటి చేసి అమర్చాడు. అంచుల్లోంచి దారమంత వెలుగు కూడా రాకుండా లప్పం పెట్టాడు. ఊళ్ళో అందరిళ్ళకీ వెలుతురు బిగించే మనిషి, సొంత ఇంట్లో చీకటి బిగించాడు. ఫ్రీజర్లో బఠాణీల సంచి నా నుదుటికోసం ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాడు. ఆ బఠాణీలు వండుకున్న పాపాన ఎప్పుడూ పోలేదు.

ఒక్క చెడ్డ అలవాటు ఉండేది. తలుపు బయట నిలబడి అడిగేవాడు.

"ఎలినోర్, కాఫీ కావాలా?"

అతనికి తెలిసిన వైద్యం కాఫీ ఒక్కటే. వద్దంటే వెళ్ళేవాడు. కాసేపటికి మళ్ళీ నేల కిర్రుమనేది. "కొంచెం కావాలా?" నొప్పిలో కాఫీ పేరు వింటేనే నాకు వాంతొచ్చేది. ఒక తల రోజున, అతను మూడోసారో నాలుగోసారో అడిగినప్పుడు, దిండులోంచి అరిచాను: "తలనొప్పంటే ఏంటో నీకేం తెలుసు!"

బయట నేల ఒకసారి కిర్రుమంది. తర్వాత, "తెలీదు" అన్నాడు. "ఎలా తెలుసుకోవాలో చెప్పు."

నేను చెప్పలేకపోయాను. మాటలే వృత్తి అని చెప్పుకునేదాన్ని, ఒక అద్దాలవాడికి తలనొప్పి చెప్పలేకపోయాను. దానికి బదులు ఒక పుస్తకం రాశాను. పేరు 'కణతల్లో ఆటుపోట్లు'. తలలో రక్తం సముద్రంలా ఉబ్బి నాళాల గట్లు కోస్తుందని, ఆ కెరటాల మీద ఒక స్త్రీ పడవ లేకుండా పోతుందని నలభై కవితలు. లైబ్రరీలో నేనే పనిచేస్తాను గనక ఆ పుస్తకాన్ని ఎవరెవరు అరువు తీసుకున్నారో నాకు తెలుసు. నేనూ, పొరపాటున ఒక చేపలు పట్టే ఆయనా. టోర్కిల్ మాత్రం కొని, చదివి, దుకాణంలో గోడ మీద మేకుకి తగిలించుకున్నాడు. "నాకు అర్థం కాలేదు గానీ తడిగా ఉంది" అన్నాడు.

అప్పట్లో మా శివారు ఆస్పత్రిలో తలనొప్పుల మీద పరిశోధన చేసే విభాగం ఒకటి పేరు తెచ్చుకుంటూ ఉంది. నొప్పి ఎలా పుడుతుందో చూడాలంటే అది వచ్చేదాకా కాచుకు కూర్చోవడం కాదు, దాన్ని చేతులారా పుట్టించి చూడాలి. అదీ వాళ్ళ పద్ధతి. మైగ్రేన్ ఉన్నవాళ్ళని పడుకోబెట్టి, చేతి నరంలోకి ఒక పదార్థం ఎక్కిస్తారు. కొన్ని గంటల్లో నొప్పి వస్తుంది. ఏ పదార్థం దాన్ని తెచ్చిందో అందులోనే కిటుకుందన్నమాట.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. నాకంటే గొప్ప తల శాస్త్రానికి ఎక్కడ దొరుకుతుంది? టోర్కిల్ నా సంచీ మోసుకుంటూ వెంట వచ్చాడు. సోల్వై అనే నర్సు నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"ఇవాళ తల ఎలా ఉంది?"

"పగిలిపోతోంది" అన్నాను గర్వంగా.

"అయితే ఇంటికెళ్ళు. నొప్పి లేని రోజు రావాలి. ముందే నొప్పి ఉంటే మేం తెప్పించింది ఏదో, నువ్వు తెచ్చుకున్నది ఏదో ఎలా తెలుస్తుంది?"

ఇంటికెళ్ళాను. మళ్ళీ తారీఖు ఇచ్చారు. ఆ పొద్దున లేచేసరికి మళ్ళీ అదే. తారీఖు ఇచ్చారంటే చాలు, నా తల దాన్ని గుర్తుపెట్టుకునేది. ప్రయోగానికి పనికిరానంత రోగినని తేలడానికి రెండేళ్ళు పట్టింది. సోల్వై నన్ను చూసి, "నువ్వు చాలా నిజాయితీ ఉన్న రోగివి ఎలినోర్" అనేది. అది పొగడ్తో కాదో నాకిప్పటికీ తెలీదు.

అలా నన్ను వెనక్కి పంపిన ఒకరోజున వరండాలో సంచీ పట్టుకుని నిలబడ్డ టోర్కిల్ మీద ఆమె కన్ను పడింది.

"నీకు తలనొప్పి వస్తుందా?"

"నాకా? ఎప్పుడూ రాలేదు."

"ఎప్పుడూ అంటే? తాగిన మర్నాడు?"

"మర్నాడు ఆకలేస్తుంది."

"మీ అమ్మకి? అన్నదమ్ములకి?"

"అమ్మకి రాదు. మిగతా అందరికీ అమ్మ వల్లే వస్తుంది."

సోల్వై నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. తలనొప్పి ఉన్నవాళ్ళు దండిగా దొరుకుతారట. ఒంట్లో, వంశంలో కూడా తలనొప్పి లేని మనిషి దొరకడమే కష్టమట. పోల్చి చూసుకోడానికి అలాంటివాళ్ళు కావాలి. అదే పదార్థం ఇద్దరికీ ఎక్కిస్తే, నాలాంటిదానికి తుఫానొస్తుంది, టోర్కిల్ లాంటివాడికి తల కొంచెం బరువెక్కి పోతుంది. ఆ తేడాలోనే అంతా ఉంది.

"అయితే ఆ మందు ఎక్కిస్తే నాకూ తలనొప్పి వస్తుందా?" అన్నాడు టోర్కిల్.

"కొంచెం రావచ్చు. భయపడకు."

"కొంచెం కాదు. ఎలినోర్‌కి వచ్చేలాంటిది రావాలంటే ఏం చెయ్యాలి?"

సోల్వై నవ్వు ఆగిపోయింది. "అందరూ రాకుండా ఉండాలని అడుగుతారు టోర్కిల్."

"నాకు కావాలి" అన్నాడు. "ఒక్కసారి చాలు."

అలా నేను దూరలేని తలుపులోంచి నా భర్త దర్జాగా లోపలికి నడిచాడు. నేను వరండాలో కూర్చుని ఉన్ని అల్లుకునేదాన్ని. తలనొప్పి నాది, మంచం అతనిది. పొద్దున్నే వెళ్ళి పడుకునేవాడు. రెండు సందర్భాలుండేవి. ఒకరోజు అసలు పదార్థం, మరో రోజు వట్టి ఉప్పునీళ్ళు. ఏది ఏ రోజో పడుకున్నవాడికీ తెలీదు, ఎక్కించే సోల్వైకీ తెలీదు. తర్వాత ఇంటికొచ్చి గంటగంటకీ నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కగట్టి చెప్పాలి.

"ఎలా ఉంది?" అనేదాన్ని, ఆశగా.

"టోపీ పెట్టుకున్నట్టుంది."

"బిగుతుగానా?"

"కాదు. నా సైజే."

మొదట్లో డైనమైట్‌లో వాడే పదార్థాన్నే కొద్దిగా ఎక్కించేవాళ్ళు. ఆ కార్ఖానాల్లో కూలీలకి సెలవు తర్వాత పనిలోకొచ్చిన రోజున తల పగిలిపోయేదట, అలా దాని సంగతి బయటపడింది. అది రక్తనాళాలని ఉబ్బిస్తుంది గనక, నాళాలు ఉబ్బడమే మైగ్రేన్ అని చాలామంది అనుకునేవాళ్ళు. నా పుస్తకం కూడా అలాగే అనుకుంది. తర్వాత్తర్వాత తలలోని నరాల చివర్ల నుంచి ఊరే ఒక పదార్థం దొరికింది. దాన్ని ఎక్కిస్తే మైగ్రేన్ ఉన్నవాళ్ళకి గంటల తర్వాత అసలైన దాడి మొదలయ్యేది. ఆపైన స్కానింగుల్లో చూస్తే నాళాలు పెద్దగా ఉబ్బకుండానే నొప్పి నడుస్తోంది. గొడవంతా నరాలదీ మెదడుదీ అట, నాళాలు ఊరికే పక్కన నిలబడ్డాయట.

ఈ సంగతి మాకు చెప్పింది యానిక్, అక్కడి డాక్టరు. పొడుగ్గా, ఎప్పుడూ సైకిలు హెల్మెట్ చేత్తో పట్టుకుని తిరిగేవాడు.

"అంటే అద్దం మంచిదే, చట్రం అదురుతోందన్నమాట" అన్నాడు టోర్కిల్.

"కాదు" అన్నాడు యానిక్. "కానీ నువ్వు అలా అనుకున్నా నష్టం లేదు."

నష్టం నాకు. ఇంటికెళ్ళే బస్సులో నా మొహం చూసి టోర్కిల్ అడిగాడు.

"ఏమయింది?"

"నా కెరటాలు లేవట. ఆటుపోట్లు లేవట. నలభై కవితలు రద్దయిపోయాయి."

అతను చాలా ఆలోచించి, "రెండో ముద్రణలో సరిచేద్దువుగాని" అన్నాడు.

"రెండో ముద్రణా!" అని నేను పెట్టిన కేకకి డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

ఏళ్ళు గడిచాయి. పదార్థాలు మారాయి, యానిక్ జుట్టు నెరిసింది. టోర్కిల్ తల మాత్రం బండరాయిలా అలాగే ఉంది. ఎక్కించిన ప్రతిదాన్నీ మర్యాదగా పుచ్చుకుని, టోపీ సైజు నొప్పితో సాగనంపేది. ప్రతిసారీ సాయంత్రానికి అతని మొహం చిన్నబోయేది. "ఇదీ కాదు" అనేవాడు. నా తల రోజుల్లో తలుపు బయట నేల కిర్రుమంటూనే ఉండేది. "కాఫీ కావాలా?"

అరవై దాటినవాళ్ళని ఆ విభాగం తీసుకోదు. యాభై తొమ్మిదో ఏట టోర్కిల్ చివరిసారి పేరు రాయించుకున్నాడు. నరాలకి సంబంధించిందే ఇంకో కొత్త పదార్థం.

"ఈసారి రాకపోతే ఇంక రాదు" అన్నాడు ముందురోజు, రై పిండి రొట్టె మీద బీట్‌రూట్ ముక్కలు సర్దుకుంటూ. "తెలీకుండానే పోతాను."

"తెలుసుకుని ఏం చేస్తావు?"

"నువ్వు లోపలికి వెళ్తావు కదా. నేనెప్పుడూ బయటే ఉంటాను."

అతను అంతకంటే పొడుగు మాట నాతో అరుదుగా మాట్లాడాడు. నేనేమో, "బీట్‌రూట్ రసం చొక్కా మీద పడుతోంది చూసుకో" అన్నాను. కవయిత్రిని కదా.

మొదటి తారీఖు జూన్‌లో, వీధి చివర భోగిమంటలా పెద్ద మంట వేసి పాడుకునే సాయంత్రం నాడు పడింది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. టోపీ లాంటిదేదో చెబుతాడని నేను ఉన్ని తీసుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, పెళ్ళిరోజున కూడా చూడని వెలుగు మొహంలో పెట్టుకుని అన్నాడు:

"ఎలినోర్. వచ్చింది."

"ఏమొచ్చింది?"

"అదే. నీదే! ఎడమవైపు!"

నా మొదటి ఆలోచన జాలి కాదు. ఎడమవైపు నాది కదా, అతనికెందుకు అనుకున్నాను.

పడకగదిలోకి పంపాను. నల్ల పలక బిగించాను. బఠాణీల సంచి నుదుటి మీద పెట్టాను. లప్పం కలుపుకునే బకెట్టు కడిగి పక్కన పెట్టాను. గంట కాగానే లోపలికెళ్ళి అడిగాను.

"పదికి ఎంత?"

"ఎనిమిది!"

"ఎనిమిదైతే ఆ ఉత్సాహం ఉండదు. ఐదు."

"నాకొచ్చింది నువ్వెలా చెబుతావు?"

"ముప్ఫయ్యేళ్ళ అనుభవం. ఐదు వేసుకో."

"ఏడు."

"ఆరు, అంతకుమించి ఇవ్వను. ఎలా ఉంది, పొడిచినట్టా, కొట్టుకున్నట్టా?"

"కణతల్లో... కెరటాలు వచ్చి గట్లు కోస్తున్నట్టు..."

"అది నా పుస్తకంలోది! నీ సొంత మాటల్లో చెప్పు."

"నాకు సొంత మాటల్లేవు" అన్నాడు దీనంగా. "గోడకి తగిలించినవే ఉన్నాయి. పైగా అవి రద్దయ్యాయిగా."

నవ్వుకుంటూ బయటికొచ్చాను. తర్వాతి గంటకి నవ్వు తగ్గింది. బకెట్టు కావలించుకుని పడుకుని ఉన్నాడు. అంత పెద్ద శరీరం మంచం మీద ముడుచుకుని చిన్నదైపోయింది. ఎంత అని అడిగితే వేళ్ళు చూపించాడు. ఈసారి నేను బేరమాడలేదు.

వీధి చివర మంట అంటించారు. పాటలు మొదలయ్యాయి. జూన్‌లో మాకు చీకటి పడదు గనక పాటలకి అంతుండదు. వెళ్ళి కిటికీలన్నీ మూశాను. పక్కింటివాళ్ళు మమ్మల్ని పిలవడానికొస్తే గుమ్మంలోనే ఆపి, వేలు పెదవుల మీద పెట్టి పంపేశాను. ఫోను తీసి పక్కన పెట్టాను. ఫ్రిజ్ గురగురమంటే దాని తీగ లాగేశాను. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పడకగది తలుపు ముందు నిలబడ్డాను. ఆ చోట నేల కిర్రుమంది. ఆ పలక కిర్రుమంటుందని ఇన్నేళ్ళూ లోపలినుంచి విన్నాను గానీ, కాలు కింద అది ఎలా ఉంటుందో నాకు తెలీదు. నా నోట్లోంచి నాకు తెలీకుండానే వచ్చేసింది:

"టోర్కిల్... కాఫీ ఏమైనా కావాలా?"

లోపల్నుంచి ఒక మూలుగు వినిపించింది. బకెట్టు చప్పుడైంది.

తలుపు తీసి లోపలికెళ్ళి నేలమీద కూర్చున్నాను. చీకట్లో అతని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా భుజం దొరకబుచ్చుకుంది.

"ఇదా?" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఇదా?"

"ఇదే."

"నేను కాఫీ అడిగేవాణ్ణి."

"అడిగేవాడివి."

"ఛీ" అన్నాడు.

బఠాణీల సంచి తిప్పి పెట్టాను. బయట పాట ఆగింది.

రెండో తారీఖు జూలైలో. ఆ రోజు అతను పెళ్ళికొడుకులా వెళ్ళాడు. తన పని అయిపోయింది, ఇక ఉప్పునీళ్ళేగా. ఎక్కించేటప్పుడు మొహం కందగడ్డలా ఎర్రబడింది, గుండె దడదడలాడింది. "ఈ గదిలో ఎండ ఎక్కువ, అద్దం సరిగా బిగించలేదు" అని సోల్వైకి కిటికీ చూపించి పాఠం చెప్పాడట. సాయంత్రం టోపీ సైజు బరువుతో హాయిగా భోంచేశాడు. నా తల రోజుల్లో ఇప్పుడు తలుపు బయట ఏ చప్పుడూ ఉండేది కాదు. బఠాణీలు పెట్టి, పలక బిగించి, వెళ్ళిపోయేవాడు. దుకాణంలో అందరికీ మైగ్రేన్ గురించి ఉపన్యాసాలిచ్చేవాడట. ఒక కుర్రాడు తలనొప్పి అంటే, "ఎడమా, కుడా?" అని పెద్ద డాక్టరులా అడిగాడట.

ఆకురాలే కాలంలో లెక్కలు విప్పారు. ఏ రోజు ఏమెక్కించారో అడిగినవాళ్ళకి చెబుతారు. టోర్కిల్ అడిగాడు. నేనూ ఉన్నాను, సోల్వై ఉంది.

యానిక్ కాగితం చూసి, హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"జూన్‌లో ఉప్పునీళ్ళు టోర్కిల్. జూలైలో పదార్థం."

"తిరగేసి చూస్తున్నావేమో" అన్నాడు టోర్కిల్.

"లేదు."

"బకెట్టు కావలించుకున్నాను."

"తెలుసు. ఎదురుచూసే తలలో కూడా నొప్పి పుడుతుంది. అది నాటకం కాదు, మెదడు నిజంగానే చేస్తుంది. ఈమధ్య దాన్ని కూడా విడిగా చదువుతున్నారు."

"కానీ అది ఎలినోర్‌ది కాదు."

యానిక్ మంచివాడు, ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. కానీ అబద్ధం చెప్పడం చేతకాదు. "అదేనని నేను చెప్పలేను" అన్నాడు.

బస్సులో టోర్కిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దారిలో తను బిగించిన కిటికీలు వస్తే నాకు చూపించడం అతని అలవాటు. ఆ రోజు ఒక్కటీ చూపించలేదు. మేము దిగే చోటు దగ్గర పడ్డాక అన్నాడు:

"నీళ్ళకి ఏడ్చాను. ఉప్పేసిన నీళ్ళకి."

"నొప్పి వచ్చిందా లేదా ఆ రోజు?"

"వచ్చింది."

"మరింకేం?"

"నీకు తెలీదు ఎలినోర్" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళకి ఆ మాట అనే హక్కు అతనికి వచ్చింది.

శుక్రవారం పొద్దున తెల్లవారకముందే వంటింట్లో వెన్న వాసన వచ్చింది. పళ్ళెం గుడ్డలో చుట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తప్పు కేకు. "నువ్వేం తప్పు చేశావు? ఉప్పునీళ్ళకి తలనొప్పి రాకూడదని చట్టముందా?" అని సోల్వై ఎంత అడిగినా వినలేదు. "పగిలినప్పుడు ఉన్నది నా చేతిలోనే కదా" అన్నాడు. అందరూ తిన్నారు. యానిక్ రెండు ముక్కలు తిన్నాడు. ఆనవాయితీ ప్రకారం ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మధ్య ముక్క మాత్రం కాగితంలో చుట్టి నాకు తెచ్చాడు.

ఆ వారంలోనే నాకు తల రోజు వచ్చింది. నేను చీకట్లో పడుకుని చెవులు రిక్కించి విన్నాను. తనకేమీ తెలీదని తేలిపోయింది కదా, ఇక మళ్ళీ మొదలెడతాడనుకున్నాను. నేల కిర్రుమంది. అక్కడ నిలబడ్డాడు, ఊపిరి వినిపిస్తోంది. అడగబోతున్నాడు. దిండు చెవుల మీదికి లాక్కోబోయాను. అప్పుడు నేల మళ్ళీ కిర్రుమంది, అడుగులు వంటింటివైపు వెళ్ళిపోయాయి. కాసేపటికి ఫ్రిజ్ గురగుర ఆగిపోయింది. తీగ లాగేశాడు. ఆ తర్వాత జీవితంలో ఒక్కసారి కూడా అతను తలుపు బయటినుంచి కాఫీ అడగలేదు.

కొన్నేళ్ళకి ఆ నరాల పదార్థాన్ని అడ్డుకునే సూదిమందు వచ్చింది. నెలకోసారి తొడలో పొడుచుకుంటే నాకు సగానికి సగం తల రోజులు మాయమయ్యాయి. పరిశోధనకి ఎందరి తలలో, ఎన్ని దేశాల్లోనో పనికొచ్చాయట. టోర్కిల్ తల కూడా అందులో ఉంది, ఏమీ జరగని గడిలో. ఏమీ జరగని తలలు లేకపోతే జరిగిన తలల సంగతి తెలిసేది కాదని యానిక్ ఒకసారి చెప్పాడు. ఆ మాట విని టోర్కిల్ దుకాణంలో వారంపాటు ఛాతీ విరుచుకు తిరిగాడట.

మార్చి నెలలో, ఊరి చివర మా చిన్న తోటలో మొక్కలు పెంచే గాజు గదికి అద్దం బిగిస్తూ పోయాడు. గుండె. పక్క తోట ఆవిడ చెప్పింది, అతను ముందు అద్దాన్ని గడ్డి మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, తర్వాత తను పడుకున్నాడని.

అందరూ నా తల గురించే భయపడ్డారు. పెళ్ళికి వచ్చింది, అమ్మ పుట్టినరోజులకి వచ్చింది, పుస్తకం అచ్చయిన రోజున వచ్చింది, దీనికి రాకుండా ఉంటుందా? మా చెల్లెలు బఠాణీలు కొని తెచ్చింది. శవపేటిక మీద మట్టి పడుతుంటే నేను కూడా కాచుకున్నాను. ఎడమవైపు ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు. అంతకుముందు చర్చిలో గాజు కిటికీలోంచి ఎండ నేరుగా నా కళ్ళలో పడింది కూడా. ఏమీ లేదు. ఇంటికొచ్చి నల్ల పలక నేనే బిగించుకుని, సంచి నుదుటి మీద పెట్టుకుని పడుకున్నాను. దిండు తడిసిపోయింది, బఠాణీలు కరిగిపోయాయి, తల మాత్రం తేటగా, వినయంగా, అద్దంలా ఉంది. జీవితంలో ఒక్కసారి దాన్ని పిలిచాను. రాలేదు.

సూదిమందు తెచ్చుకోడానికి ఆస్పత్రికి వెళ్ళాల్సిన తారీఖు ఏప్రిల్‌లో వచ్చింది. ముందురోజు పిండి కలిపాను. నేను చేసింది అతను చేసినంత మెత్తగా రాలేదు, ఒక మూల మాడింది కూడా. పళ్ళెం గుడ్డలో చుట్టి బస్సెక్కాను. సోల్వై ఉద్యోగం ఇంక కొన్ని నెలలే. గుడ్డ విప్పగానే ఆ కేకుని గుర్తుపట్టింది.

"ఏం తప్పు చేశావు ఎలినోర్?"

"టోర్కిల్ పోయిన రోజున నాకు తలనొప్పి రాలేదు."

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి, ఆగింది. చాకు తీసుకుని, అంచులన్నీ వదిలేసి, మడుగులున్న మధ్య ముక్క కోసింది. దాన్ని కాగితం రుమాలు మీద పెట్టి నా ముందుకు జరిపింది.

"కూర్చో" అంది. "కాఫీ కావాలా?"

కావాలన్నాను.